రెండు లైన్లు తీసేశారు, 20 నెలల తాళాలు పోయాయి

మాది మునగాల. సాగర్ ఎడమ కాలువ కింద ఊళ్లలో ఎగువ, దిగువ అంటే పిల్లలకి కూడా తెలుసు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఎగువ, అంటే అప్‌స్ట్రీమ్. దాన్ని తెచ్చి తమ సిస్టమ్‌కి సరిపోయేలా ప్యాకేజీ చేసేవాళ్లు దిగువ. వీళ్లు చేసే మార్పుల ఫైలే ప్యాచ్.

1985లో లారీ వాల్ 'ప్యాచ్' ప్రోగ్రామ్ ఇచ్చాడు. మొత్తం కోడ్ పంపక్కర్లేదు, మారిన లైన్లు పంపితే చాలు. 1994లో ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్ వచ్చింది. అసలు కోడ్ దించుకో, మన ప్యాచ్‌లు వెయ్యి, బిల్డ్ చెయ్యి. డెబియన్‌ది కూడా దాదాపు ఇదే దారి. మన పోతన, వేమన ఫాంట్లు కూడా డెబియన్‌లో ప్యాకేజీగా దొరుకుతాయి.

ఇప్పుడు అసలు కథ. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అంటే ఇంటర్నెట్‌కి తాళాలు చేసే కోడ్. తాళం గట్టిగా ఉండాలంటే ఎవరూ ఊహించలేని నంబర్లు కావాలి. 2006లో వాల్‌గ్రైండ్ అనే టూల్ ఆ కోడ్‌లో రెండు లైన్ల మీద వార్నింగ్ ఇచ్చింది. డెబియన్‌లో ఆ ప్యాకేజీ చూసే మెయింటెయినర్ ఎగువవాళ్లని అడిగాడు కూడా. తీసేయొచ్చనే జవాబు వచ్చింది. తీసేశాడు. కానీ ఆ ప్యాచ్ ఎగువ కోడ్‌లో చేరలేదు, దిగువనే ఉండిపోయింది.

రెండిట్లో ఒకటి తీసినా నష్టం లేదు. రెండోది మాత్రం ఊహకందని నంబర్లని లోపలికి పంపే లైన్! అది పోయాక మిగిలింది ప్రాసెస్ నంబర్ ఒక్కటే. అది మామూలుగా 32,768 దాటదు. అంటే ఒక రకం మెషీన్‌లో, ఒక సైజు తాళానికి అన్నే రకాలు. ఎవరైనా ముందే అన్నీ చేసి పెట్టుకోవచ్చు.

2008 మే 13న డెబియన్ ఈ సంగతి ప్రకటించింది. కనిపెట్టింది లూసియానో బెల్లో. డెబియన్ మీద కట్టిన ఉబుంటుకీ అదే దెబ్బ. కోడ్ సరిచేస్తే సరిపోలేదు, ఆ 20 నెలల్లో చేసిన తాళాలన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సొచ్చింది.

అందుకే ఇప్పుడు మంచి మెయింటెయినర్లు ప్రతి ప్యాచ్ పైన ఎందుకు వేశారో, ఎగువకి పంపారో లేదో రాస్తారు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఒక్కో ప్యాచ్ తీసి, ఇంకా అవసరమా అని చూస్తారు. ఎగువలో చేరిపోతే ఇక్కడ తీసేస్తారు. ప్యాచ్ వెయ్యడం ఐదు నిమిషాల పని. దాన్ని ఏళ్ల తరబడి మోయడమే అసలు పని. నా దృష్టిలో ఎగువవాళ్లు పూర్తిగా చదవని ప్యాచ్ అంటే తీరని అప్పే.

మీరు ఓపెన్ సోర్స్‌లో మొదటి ప్యాచ్ పంపాలనుకుంటే, ఏ ప్రాజెక్టుకో కామెంట్‌లో రాయండి. ఉంటా మరి.