గాలివానలో పక్షుల ఆశ్రయం: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పేర్ల సాక్ష్యం

వ్యాససంగ్రహం

గాలివానలో పక్షులు తలదాచుకునే తావులను కొన్ని పక్షినామాలు, స్థలనామాలు భద్రపరిచాయి. రాతికి, పొదకు దక్కిన ఆ గుర్తింపు గడ్డినేలకు దక్కలేదు. రోళ్లపాడు బట్టమేక పక్షి చరిత్రను ఆ కోణం నుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నల్లమల, పావురాలగుట్ట, కలివికోడి, బట్టమేక పక్షి, రోళ్లపాడు, బీడు.

1. ప్రవేశిక

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూనది పారే నల్లరేగడి నేల నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల స్వరూపం. వేసవిలో వడగళ్ల వానలు, అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతపు వాయుగుండాలు ఇక్కడ పరిచితమే. వాన రాగానే పక్షి గూటికి చేరుతుందని సాధారణంగా భావిస్తాం. కాని గూడు ప్రధానంగా గుడ్ల కోసం, పిల్లల కోసం కట్టుకునేది. తక్కిన కాలంలో చాలా పక్షులకు గూడే ఉండదు. చెట్టుపై వాలే పక్షి గాలి తగలని వైపున, మానుకు దగ్గరగా ముడుచుకుంటుంది. కాలు ముడవగానే స్నాయువులు బిగిసి, వేళ్లు కొమ్మను పట్టుకుంటాయి. కొమ్మపై వాలలేని పక్షుల సంగతి వేరు.

2. రాయి, పొద

నల్లమలలోని పావురాలగుట్ట పేరు నేడు ఒక విషాదానికి గుర్తు. 2009 సెప్టెంబరు 2న ప్రతికూల వాతావరణంలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ అక్కడే కూలింది. అంతకుముందు నుండే ఆ గుట్ట పేరులో పావురాలున్నాయి. కొండ పావురం సహజ నివాసం రాతి చరియల సందులే. ఆలయ గోపురాలపై కనిపించే పావురాలు కూడా అదే జాతివి. గోపురపు గూళ్లను అవి కొండ చరియలకు బదులుగా వాడుకుంటున్నాయనవచ్చు.

నల్లమలకు దక్షిణాన, కడప జిల్లా లంకమల ప్రాంతంలో కలివికోడి ఉంది. 1848లో జెర్డాన్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పక్షి, 1900 తరువాత కనిపించక అంతరించిందనుకున్న దశలో 1986లో మళ్లీ దొరికింది. కలివి ఒక ముళ్లపొద. పక్షి తలదాచుకునే తావే ఇక్కడ పక్షికి పేరైంది.

3. గడ్డి

ప్రస్తుత నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడు గడ్డినేలను 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యంగా ప్రకటించారు. ఈ పక్షికి వెనుక వేలు లేదు. అందుచేత కొమ్మను పట్టుకోలేదు. ఈకలకు నూనె నిచ్చే గ్రంథి కూడా ఈ కుటుంబపు పక్షులకు ఉండదు. సాధారణంగా ఒకే గుడ్డును, అదీ నేలమీదే పెడుతుంది. కనుక గాలివానలో దానికీ, దాని పిల్లకూ మిగిలే చాటు గడ్డి మాత్రమే. శీతాకాలంలో వలస వచ్చే హారియర్ జాతి గద్దలు సైతం ఇక్కడి గడ్డిలోనే గుంపులుగా రాత్రి గడుపుతాయి.

అయితే ఈ గడ్డినేలకు మన వ్యవహారంలో ఉన్న పేర్లు బీడు, బంజరు. ఈ మాటలు సాగును కొలమానంగా తీసుకొని పుట్టినవి. పంట పండనిది ఏమీ లేనిదన్న భావం వాటిలో ఉంది. అడవిని నరికితే నష్టమని అందరికీ తెలుస్తుంది. బీడును దున్నితే అభివృద్ధిగా కనిపిస్తుంది. సాగు విస్తరించి గడ్డినేలలు తరిగాయి. 2011లో ఈ జాతిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నదిగా అంతర్జాతీయంగా గుర్తించారు. రోళ్లపాడులో దాని దర్శనమే అరుదైపోయింది.

4. ముగింపు

ఒక్క మాట వల్లనే ఒక జాతి క్షీణించిందనడం అతిశయోక్తి. కాని దేనిని ఆశ్రయంగా చూడాలో, దేనిని ఖాళీగా చూడాలో నిర్ణయించడంలో భాషకు పాత్ర ఉంది. పావురాలగుట్టలో రాయి ఎవరి చోటో తెలుస్తుంది. కలివికోడిలో పొద వినిపిస్తుంది. బీడులో ఏ పక్షీ వినిపించదు. ఈ ప్రాంతపు గొర్రెల కాపరుల వ్యవహారంలోని గడ్డిజాతుల పేర్లను, నేలల పేర్లను సేకరించడం తెలుగు పరిశోధకులు చేయదగిన పని. బీడు అన్న ఒక్క మాట మరుగుపరిచిన వైవిధ్యం ఆ పేర్లలో బయటపడవచ్చు.