ఆఫ్రికా దేశాలకు వాలంటీర్‌గా వెళ్తున్నారా? టికెట్ కొనే ముందే తేల్చుకోవాల్సినవి ఇవీ

కెన్యాలో ఓ బడిలో పాఠాలు చెప్పడానికో, ఉగాండాలో వైద్య శిబిరంలో సాయపడటానికో మూడు నాలుగు వారాలు వెళ్దామనుకునేవారిలో చాలామంది ముందుగా విమాన టికెట్ కొంటారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుబాటయ్యే ఓ కార్డు, ఏ పని మీద వస్తున్నారో అడిగే వీసా, మీ కోసం అక్కడి సంస్థ తీసుకోవాల్సిన అనుమతి.. ఈ మూడూ కుదిరితే కానీ ప్రయాణ తేదీ ఖరారు చేసుకోలేరు. వీటిలో ఏది తప్పినా ఎయిర్‌పోర్టులోనే ఆగిపోవాల్సి రావచ్చు. అదీ వెళ్లేటప్పుడే అని కాదు, తిరిగొచ్చేటప్పుడు కూడా.

మన దగ్గరి నుంచి ఎక్కువగా వెళ్లే కెన్యా, ఉగాండా, టాంజానియాలను ఉదాహరణగా తీసుకుని, ఏ పని ఎప్పుడు, ఎక్కడ చేయించుకోవాలో చూద్దాం.

యెల్లో ఫీవర్ కార్డు మన దేశానికే ఎందుకంత ముఖ్యం?

యెల్లో ఫీవర్ భారత్‌లో లేదు. కానీ దాన్ని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమ మన ఊళ్లన్నిటా ఉంది. డెంగీని మోసుకొచ్చేది కూడా ఇదే. అంటే వైరస్‌తో ఒక్క మనిషి హైదరాబాద్‌లో దిగినా వ్యాప్తికి కావాల్సిన మిగతా ఏర్పాట్లన్నీ ఇక్కడ సిద్ధంగా ఉన్నట్టే. అందుకే ఈ విషయంలో మన ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారులు చాలా కఠినంగా ఉంటారు. వ్యాధి ఉన్న దేశాల నుంచి సరైన టీకా ధ్రువపత్రం లేకుండా వస్తే, భారతీయులైనా సరే, 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కెన్యా, ఉగాండా, ఇథియోపియా ఆ జాబితాలో ఉన్నాయి.

ఈ టీకాను ఏ ప్రైవేటు క్లినిక్‌లో పడితే అక్కడ వేయించుకుంటే కుదరదు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రంలోనే వేయించుకుని, అక్కడి ముద్ర ఉన్న అంతర్జాతీయ ధ్రువపత్రం తీసుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నంలో పోర్టు హెల్త్ ఆఫీస్ అలాంటివే. ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. కేంద్రాలు నిర్ణీత రోజుల్లోనే టీకా ఇవ్వడానికి, ముందే పేరు నమోదు చేసుకోమనడానికి కారణం ఉంది. ఒక వయల్‌లో పలువురికి సరిపడా డోసులు ఉంటాయి. కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, లేదంటే పారేయాలి. కాబట్టి ‘రేపు ఫ్లైట్, ఇవాళ టీకా’ అంటే కుదరదు. ఎలాగోలా వేయించుకున్నా, కార్డు చెల్లుబాటయ్యేది 10 రోజుల తర్వాతే.

గతంలో ఈ కార్డు గడువు పదేళ్లు. 2016 జులై 11 నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డు ఉన్నవారు మళ్లీ వేయించుకోవాల్సిన పనిలేదు. అయితే ఆ తర్వాత పాస్‌పోర్టు మారి ఉంటే, కార్డుపై పాత నంబరే ఉంటుంది కాబట్టి పాత పాస్‌పోర్టును కూడా వెంట ఉంచుకోవడం మంచిది.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి తయారుచేసే టీకా. గుడ్డు అలర్జీ తీవ్రంగా ఉన్నవారు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు, 60 ఏళ్లు దాటినవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. రిటైరయ్యాక సేవకు వెళ్దామనుకునే పెద్దవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇలాంటి మరో లైవ్ టీకా వేయించుకోవాల్సి ఉంటే రెండూ ఒకేరోజు వేయించుకోవాలి, లేదా 4 వారాల వ్యవధి ఉండాలి.

ఇంకో విషయం కూడా ఉంది. మీరు వెళ్లే దేశం జాబితాలో లేకపోయినా, మధ్యలో విమానం మారేది నైరోబీలోనో అడిస్ అబాబాలోనో కావచ్చు. అక్కడ చాలాసేపు ఆగినా, ఎయిర్‌పోర్టు దాటి ఊళ్లోకి వెళ్లొచ్చినా కార్డు అడుగుతారు. టికెట్‌లో ట్రాన్సిట్ ఎక్కడుందో, ఎన్ని గంటలో చూసుకోండి.

టూరిస్టు వీసా మీద సేవ చేయొచ్చా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ‘జీతం తీసుకోవట్లేదుగా, టూరిస్టుగా వెళ్తే సరిపోతుంది’ అని కొన్ని సంస్థలే చెబుతుంటాయి. కానీ ఈ దేశాల ఇమిగ్రేషన్ చట్టాల దృష్టిలో జీతం లేని పని కూడా పనే. తనిఖీలో దొరికితే జరిమానా పడొచ్చు, వెనక్కి పంపొచ్చు. అలా పంపేస్తే ఆ తర్వాత వేరే దేశాల వీసా ఫారాల్లోనూ ఆ విషయం రాయాల్సి ఉంటుంది. రేపు అమెరికాకో బ్రిటన్‌కో వెళ్దామనుకునే విద్యార్థికి ఇది చిన్న సమస్య కాదు.

కెన్యా 2024 జనవరి నుంచి వీసా స్థానంలో ఈటీఏ అనే ఆన్‌లైన్ ముందస్తు అనుమతి తెచ్చింది. అది దేశంలోకి రావడానికే. పని చేయడానికి వర్క్ పర్మిట్ గానీ, తక్కువ కాలానికి ఇచ్చే స్పెషల్ పాస్ గానీ ఉండాలి. టాంజానియా రెసిడెన్స్ పర్మిట్లలో క్లాస్ సి అనే విభాగమే వాలంటీర్లు, విద్యార్థులు, పరిశోధకుల కోసం ఉంది. ఉగాండా ఈ-వీసా దరఖాస్తులోనే యెల్లో ఫీవర్ ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి. అంటే టీకా ఆలస్యమైతే వీసా కూడా ఆలస్యమవుతుంది. కెన్యా, ఉగాండా, రువాండాలు మూడింటికీ కలిపి 90 రోజులకు ఇచ్చే ఈస్ట్ ఆఫ్రికా టూరిస్టు వీసా చూడ్డానికి చౌక బేరంలా ఉంటుంది కానీ, అది పర్యటనకే.

కాబట్టి మిమ్మల్ని పిలుస్తున్న సంస్థను ఒకే ప్రశ్న అడగండి: ‘నా పేరు మీద ఏ పర్మిట్‌కు మీరు దరఖాస్తు చేస్తున్నారు?’ సమాధానం ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ‘అదంతా ఇక్కడికొచ్చాక చూసుకుందాం’ అన్నారంటే టికెట్ కొనకండి.

డాక్టర్లు, నర్సులు, డెంటిస్టులకు ఇంకో మెట్టు ఉంది. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. శిబిరం వారం రోజులదే అయినా ఆ దేశ మెడికల్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. డిగ్రీ సర్టిఫికెట్లకు అటెస్టేషన్ అడిగితే మొదట రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో చేయించాలి. విదేశాంగ శాఖ నేరుగా కాగితాలు తీసుకోదు, అది నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. దీనికి కొన్ని వారాలు పట్టొచ్చని ముందే లెక్కేసుకోండి.

ఇక పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పిల్లలతో పనిచేసే చోట పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము రూ.500.

‘అనాథాశ్రమంలో సేవ’ అంటే ఎందుకు ఆలోచించాలి?

వాలంటీర్ ట్రిప్పుల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే ఫొటో ఇదే: చుట్టూ పిల్లలు, మధ్యలో నవ్వుతున్న విదేశీయుడు. కానీ చాలా దేశాల్లో ఇలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో అధిక శాతం మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. విదేశీ వాలంటీర్లు, వాళ్లు తెచ్చే విరాళాల కోసం పేద కుటుంబాల నుంచి పిల్లలను తెచ్చి ఆశ్రమాలు నింపుతున్న ఉదంతాలు నేపాల్, కంబోడియా, ఉగాండాల్లో బయటపడ్డాయి. కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్‌ను నిలిపేసింది. ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వంపై 2018లో చట్టం చేసే క్రమంలో దీన్ని మనుషుల అక్రమ రవాణా కోణంలో చర్చించింది. మూడు వారాలకొకరు చొప్పున వచ్చి ప్రేమగా దగ్గరై వెళ్లిపోయే మనుషులు పిల్లల మనసుకు చేసే నష్టం వేరు. మంచి ఉద్దేశంతో వెళ్లినా ఆ వ్యాపారానికి మీరే కస్టమర్ కావచ్చు. మా సూచన సూటిగా చెప్పాలంటే, ఆశ్రమాల ప్రోగ్రాములను పక్కన పెట్టండి. అక్కడి టీచర్లకు శిక్షణ, అకౌంట్స్, కంప్యూటర్ ల్యాబ్, నీటి సరఫరా ఇంజినీరింగ్, ఫిజియోథెరపీ లాంటి మీకు నిజంగా వచ్చిన పని అడిగే చోటు వెతకండి.

వేల డాలర్ల ఫీజు అడిగితే ఆ డబ్బులో స్థానిక సంస్థకు ఎంత వెళ్తుందో అడగండి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగమైన యూఎన్‌వీ ఏ దశలోనూ రుసుము తీసుకోదు. పైగా విదేశాల్లో పనిచేసేవారికి జీవన భత్యం ఇస్తుంది. దాని పేరుతో ఎవరైనా ‘ప్రాసెసింగ్ ఫీజు’ అంటే అది మోసమే. ఇంట్లో నుంచే చేసే ఆన్‌లైన్ వాలంటీరింగ్ కూడా అందులో ఉంది. దానికి టీకా, వీసాల బాదరబందీ ఏమీ లేదు.

మందులు పోగేసి తీసుకెళ్లొచ్చా?

శిబిరాలకు వెళ్లేవారు తెలిసిన డాక్టర్ల దగ్గర శాంపిల్ మందులు సేకరించి సూట్‌కేసు నింపుతుంటారు. విరాళంగా ఇచ్చే మందులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఉచిత శాంపిళ్లను వద్దంటాయి. ఆ దేశానికి చేరేసరికి మందుకు కనీసం ఏడాది గడువు ఉండాలంటాయి. వీటికి తోడు ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. ఉగాండాలో అది నేషనల్ డ్రగ్ అథారిటీ, కెన్యాలో ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు. అనుమతి లేకుంటే కస్టమ్స్‌లో ఆగిపోతాయి. చాలా మందులు అక్కడే దొరుకుతాయి. వాటి కోసం డబ్బు ఇవ్వడమే నయం. మీ సొంత మందులకు మాత్రం జనరిక్ పేరుతో రాసిన ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచుకోండి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు ఉంటే అది తప్పనిసరి.

మలేరియా: ‘మనకు అలవాటేగా’ అనుకోవద్దు

ప్రపంచంలోని మలేరియా కేసుల్లో 90 శాతానికి పైగా ఆఫ్రికాలోనే. అదీ ఎక్కువగా ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. నగరంలో పెరిగినవారికి దానిపై రక్షణ ఏమీ ఉండదు. అక్కడ క్లోరోక్విన్ పనిచేయదు కాబట్టి ఇంట్లో ఉన్న పాత మాత్రలు పనికిరావు. డాక్టరు సాధారణంగా రెండు మూడు మందుల్లో ఒకటి రాస్తారు. డాక్సీసైక్లిన్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాల వరకు రోజూ వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రొగువానిల్ అయితే తిరిగొచ్చాక 7 రోజులు చాలు, కానీ ఖరీదు. మెఫ్లోక్విన్ కనీసం రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. మానసిక సమస్యలు ఉన్నవారికి అది ఇవ్వరు. చాలామంది ఇల్లు చేరగానే మాత్రలు మానేస్తారు, అక్కడే దెబ్బతింటారు.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, బి, ధనుర్వాతం టీకాలు ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. పల్లెల్లో ఉండేవారు కుక్క కాటుకు ముందస్తు రేబిస్ టీకా గురించి అడగండి. ఇవన్నీ కలిపి చేయించుకోవడానికి ప్రయాణానికి 6 నుంచి 8 వారాల ముందు డాక్టరును కలవడం సరైన సమయం.

ఇన్సూరెన్స్ పాలసీలో రెండే మాటలు వెతకండి: అత్యవసరంగా మరో దేశానికి తరలించే ఖర్చు ఉందా, వాలంటీర్ పనిలో గాయపడితే వర్తిస్తుందా. మామూలు ట్రావెల్ పాలసీల్లో రెండోది మినహాయింపుల జాబితాలో ఉండొచ్చు.

బ్యాగులో, పర్సులో..

ఆవకాయ డబ్బాను నాలుగు ప్లాస్టిక్ కవర్లలో చుట్టడం మనకు అలవాటు. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులపై నిషేధం ఉంది. డ్యూటీ ఫ్రీ కవరు కూడా దిగేముందు వదిలేయమంటారు. పచ్చళ్లు గట్టి మూత డబ్బాలో పెట్టి గుడ్డ సంచిలో కట్టుకోండి. మిలిటరీ మచ్చల దుస్తులు ఉగాండాలో పౌరులు వేసుకోకూడదు. అలాంటి కార్గో ప్యాంటు ఉంటే ఇంట్లోనే వదిలేయండి. కెన్యా, ఉగాండాల్లో ప్లగ్గులు బ్రిటన్ తరహా మూడు పలకల పిన్నులవి. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవచ్చు.

విదేశీ కరెన్సీ నోట్లుగా సాధారణంగా ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు తీసుకెళ్లొచ్చు. మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. తూర్పు ఆఫ్రికాలో పాత సిరీస్, చిరిగిన, మరకలున్న డాలర్ నోట్లు తీసుకోరు. బ్యాంకులో కొత్త నోట్లే అడగండి. కెన్యాలో రోజువారీ ఖర్చులకు మన యూపీఐ లాంటిది ఎం-పెసా. 2007లోనే మొదలైంది. పాస్‌పోర్టు చూపించి స్థానిక సిమ్ తీసుకుంటే దాంతోనే ఖాతా తెరవొచ్చు.

ఫోన్ గురించి ఇంకో మాట. పేషెంట్ల, బడి పిల్లల ఫొటోలు, రీల్స్ పెట్టే ముందు అనుమతి కావాలి. కెన్యా, ఉగాండా రెండూ 2019లోనే డేటా రక్షణ చట్టాలు చేశాయి. మన పిల్లల వీడియోను స్కూలుకొచ్చిన అపరిచితుడు పోస్టు చేస్తే మనం ఊరుకోం కదా.

అక్కడ ఏమైనా జరిగితే?

నైరోబీ, కంపాలా, దార్ ఎస్ సలామ్‌లలో భారత హైకమిషన్లు ఉన్నాయి. వెళ్లగానే మీ చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు ప్రయాణ తేదీ వారి దగ్గర నమోదు చేయించండి. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు ఆపరేషన్ కావేరి పేరుతో 3,800 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చారు. అలాంటి సమయంలో ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో తెలియడమే అసలు సమస్య. సంస్థతోనో ఏజెంటుతోనో గొడవైతే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పాస్‌పోర్టును ఎవరి దగ్గరా డిపాజిట్‌గా పెట్టకండి. దాని కాపీ, టీకా కార్డు కాపీ ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచండి.

తిరిగొచ్చాక కొన్ని నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా సరే, డాక్టరుకు మొదట చెప్పాల్సింది ‘నేను ఆఫ్రికా వెళ్లొచ్చాను’ అని. లేదంటే వర్షాకాలంలో డెంగీ అనుకుని ప్లేట్‌లెట్లు లెక్కిస్తూ రెండు రోజులు గడిచిపోతాయి. ఫాల్సిపారం మలేరియా అంత సమయం ఇవ్వదు. అదే రోజు మలేరియా రక్త పరీక్ష చేయమని మీరే అడగండి.