జోడుగొట్టముల తుపాకులు: వేలమున వాని పరీక్ష

తామ్రశాసనము దొరికినప్పుడు పండితులు మొదటనే యందలి రాజనామమును నమ్మరు. లిపిని, భాషను, ముద్రికను, తిథివారములను పరిశీలించి యది సత్యశాసనమో కూటశాసనమో నిర్ణయింతురు. ఇంగ్లండున వేలమునకు వచ్చు పురాతనములగు జోడుగొట్టముల వేటతుపాకుల విషయమునను అవలంబింపదగిన మార్గ మిదియే. అట్టి తుపాకి కాధారములు మూడు: పైని చెక్కిన పేరు, గొట్టముల యడుగున నున్న పరీక్షాముద్రలు, నిర్మాత లెక్కపుస్తకములతో సరిచూడదగిన వరుససంఖ్య. వీనిలో పేరు దుర్బలమనియు, ముద్ర ప్రబలమనియు, ముద్రయు కొలతతో గూడిననే పూర్ణప్రమాణ మగుననియు నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట చరిత్రమును సంగ్రహముగా జూతము. చెకుముకిరాతి జోడుతుపాకిని తేలికగను పొందికగను తీర్చి దానికి ప్రతిష్ఠ గూర్చినవారిలో లండను శిల్పి జోసెఫ్ మాంటన్ (1766-1835) అగ్రగణ్యుడు. 1807లో స్కాట్లండు మతాచార్యుడగు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బతగిలినంతనే మండు రసాయనముతో మందు నంటించు విధమునకు పేటెంటు పొందెను. కొలది దశాబ్దములలో చెకుముకిరాయి మూలబడెను. మాంటన్ కడ పనిచేసిన జేమ్స్ పర్డీ 1814లో స్వంత వ్యాపార మారంభించెను. గొట్టములు బందుపై క్రిందికి వంగి వెనుకనుండి తోటాలను గ్రహించు లెఫోషో తుపాకి 1851 నాటి లండను మహాప్రదర్శనమున ఆంగ్లశిల్పుల దృష్టి నాకర్షించెను. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కర్మాగారమువారగు ఆన్సన్, డీలీలు వెలుపలి గుఱ్ఱములు లేక, గొట్టముల నువంచినంతనే సిద్ధమగు యంత్రమును గల్పించిరి. 1880లో బీస్లీ కల్పించిన యంత్రము పర్డీవారి కైవస మయ్యెను. నాటినుండి మూలస్వరూపము మిక్కిలి మాఱలేదు. కావున రూపమును మాత్రము చూచి కాలనిర్ణయము చేయుట పొరపాటు.

ఇక పేరు. ప్రసిద్ధనామములను దొంగిలించుట పందొమ్మిదవ శతాబ్దిలో బహుళముగా జరిగెను. బెల్జియమునందలి లియేజి పట్టణమున తయారైన చౌకతుపాకులపై ఆంగ్లశిల్పుల పేర్లను, లేక వానిని బోలిన పేర్లను చెక్కి యమ్మిరి. మాంటన్ పేరు విశేషముగా నీ పాలబడెను. అయితే పేరు వేఱగుట యెల్లప్పుడును మోసము కాదు. మదరాసునందలి పి. ఆర్ అండ్ సన్సువంటి వర్తకులు ఇంగ్లండునుండి తెప్పించిన తుపాకులపై తమ పేరు చెక్కించి యమ్ముచుండిరి. అట పేరు వర్తకునిది, పని వేఱొకనిది. దానవాక్యమునకును లేఖకుని పేరికిని గల భేదము వంటిదే యిది.

ముద్రల ప్రామాణ్యము దీనికంటె బలవత్తరము. లండను తుపాకికారుల సంఘమునకు 1637లో రాజశాసనము లభించెను. బర్మింగ్‌హాము పరీక్షాలయము 1813లో పార్లమెంటు చట్టముచే నేర్పడెను. సాధారణమునకు మించిన మందు దట్టించి కాల్చి, చెడని గొట్టముపై మాత్రమే ముద్ర వేయుదురు. కిరీటము క్రింద జి.పి. యనునది లండను ముద్ర. కిరీటముతో గూడి బి.పి., బి.వి. యనునవి 1904 పిమ్మటి బర్మింగ్‌హాము ముద్రలు. కోడిగ్రుడ్డు ఆకారమున ఈ.ఎల్.జి. యని యున్నచో నది లియేజి పరీక్ష. పైని లండను శిల్పి పేరుండినను గొట్టములు బెల్జియమునుండి వచ్చినవని శంకింపవలెను. ‘గుండునకు గాదు’ అను నర్థముగల ఆంగ్లవాక్యము చిల్లరగుండ్ల గొట్టములపై 1875 మొదలు 1887 వఱకు వేయబడెను గాన, అది తిథివలె నుపకరించును.

డమాస్కసు గొట్టములనగా ఇనుపపట్టెలను ఉక్కుపట్టెలను మెలిపెట్టి, చుట్టి, అతికించి చేసినవి. ఆ పేరు గలవన్నియు ఆ నగరమున పుట్టినవి కావు. ఇవి యెల్లను అపాయకరములని కొందఱందురు. చక్కదనము చూచి యెల్లను మంచివని మఱికొందఱందురు. ఉభయమును అసంగతము. పొగలేని మందునకు ప్రత్యేకపరీక్ష 1896లో నియమములందు చేరెను. ఆ పరీక్షయందు నెగ్గిన డమాస్కసు గొట్టములును కలవు. ముద్రలేని దానియందు నేటి తోటాను కాల్చినవాడు తన చేతిని, కన్నును పణముగా నొడ్డినట్లే.

అయినను ముద్ర పరీక్షాదినమునకే సాక్షి. పిమ్మట గొట్టమును లోపల తొలిచి నునుపుచేసి యుండవచ్చును. పన్నెండు బోరు గొట్టపు వ్యాసము 0.729 అంగుళము. ముద్రలోని కొలతకంటె 0.010 అంగుళము మించి పెరిగినచో నా పరీక్ష చెల్లదు. గోడ మందము 0.020 అంగుళమునకు తగ్గరాదని యెఱిగినవారి సంప్రదాయము. రెండున్నర అంగుళముల గదిలో నంతకు దీర్ఘమైన తోటా నుంచరాదు. గొట్టములను వ్రేలాడదీసి మెల్లగా తట్టినచో గంటవలె మ్రోగవలెను. బొంగురుధ్వని వచ్చినచో నడుమ పట్టీ యతుకు సడలినదని గ్రహింపవలెను. కుండను తట్టి కొను గృహిణికి నీ న్యాయము క్రొత్తది కాదు.

పర్డీ మొదలగువారు జంటలుగా చేసిన తుపాకులపై 1, 2 అను నంకెలను బంగారముతో పొదిగి, వరుససంఖ్యల నిచ్చుచుండిరి. పంజాబు తుది మహారాజగు దిలీప్ సింగు (1838-1893) ఎల్వెడెన్ ఎస్టేటున 1876లో నొక్క దినమున 780 కముజులను గొట్టెనని ప్రసిద్ధి. అట్టి వేటకు వెనుక నొకడు తోటాలు నింపి తుపాకి నందించుచుండుటచే జంట యావశ్యక మయ్యెను. వారసులు పంచుకొనగా జంట విడిపోవును. రెండవ తుపాకి వేఱొక వేలమునకు జేరును. సంఖ్య నిలిచియున్న నాడు వానిని మరల గలుపవచ్చును.

వేలమున పాడినధర తుదిధర కాదు. కొనువాని రుసుము పలుచోట్ల నూటికి ఇరువదికి మించును. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి పనిచేయు తుపాకికి అనుమతిపత్రము కావలెను. ఇవి యెఱిగి ధరకు ముందుగా హద్దు నిర్ణయించుకొనవలెను.

కొన్న పిమ్మట కర్తవ్య మొక్కటి మిగిలియున్నది. మెఱుగు కొఱకు గొట్టముల నరుగదీసినచో ముద్రలు చెఱగును, అంకెలు మాయును. శాసనపు టక్షరములను తోమి మాపినవాడు దానిని శుభ్రపఱచినవాడు కాడు. సాక్షి నోరు నొక్కినవాడు. తుపాకి విషయమునను విద్వాంసులు గ్రహింపదగిన దింతే.