ఎంఓటీ చరిత్ర: వాడిన వ్యాను కొనేముందు

బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కార్లు, చిన్న వ్యాన్లు దాదాపు అన్నీ ఏడాదికోసారి ఎంఓటీ అనే భద్రతా పరీక్షకు వెళ్లాలి. ఏ ఏడు పాసైంది, ఏ ఏడు తప్పింది, ఏ భాగం అరిగింది, అప్పటికి బండి ఎన్ని మైళ్లు తిరిగింది అన్న వివరాల వరుసే ఎంఓటీ చరిత్ర. బండి నంబరు తెలిస్తే చాలు, ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా దీన్ని ఉచితంగా చూడవచ్చు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ బండ్లకు 2005 నుంచి, ఉత్తర ఐర్లండ్ బండ్లకు 2017 నుంచి ఫలితాలు దొరుకుతాయి. తాజా పరీక్షలో ‘పాస్’ అని ఉందో లేదో చూసి ఆపేస్తే దీని ప్రయోజనం సగం కూడా అందదు. బండిని ఇన్నాళ్లూ ఎలా చూసుకున్నారో పాస్ కింద రాసిన చిన్న చిన్న సూచనలే చెబుతాయి.

పరీక్ష నేపథ్యం

ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉండగా 1960లో ఈ పరీక్ష మొదలైంది. 1956 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం దీనికి ఆధారం. తొలుత పదేళ్లు దాటిన బండ్లకే, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ వరకే పరీక్షించేవారు. తప్పుతున్న బండ్లు మరీ ఎక్కువగా ఉండటంతో వయసు హద్దును ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు దించారు. ఇప్పుడు డీవీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చిన ప్రైవేటు గ్యారేజీలు పరీక్ష చేస్తాయి. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం ప్రభుత్వ కేంద్రాలే చేస్తాయి. అక్కడ కారుకు తొలి పరీక్ష నాలుగేళ్లకు.

సరుకుతో సహా 3,000 కిలోల వరకు బరువుకు అనుమతి ఉన్న వ్యాన్లు కార్లతో పాటు 4వ తరగతిలో, 3,000 నుంచి 3,500 కిలోల మధ్యవి 7వ తరగతిలో పరీక్షకు వస్తాయి. 7వ తరగతి సౌకర్యం ప్రతి గ్యారేజీలోనూ ఉండదు. 3,500 కిలోలు దాటితే అది లారీల పరీక్ష, దాని నియమాలు వేరు.

లోపాల శ్రేణులు

2018 మే 20 నుంచి లోపాలను మూడు శ్రేణులుగా రాస్తున్నారు: ప్రమాదకరం, పెద్దది, చిన్నది. మొదటి రెండింటిలో ఏది ఉన్నా బండి తప్పినట్టే. ప్రమాదకరమైన లోపం ఉంటే బాగుచేసేదాకా రోడ్డెక్కకూడదు. చిన్న లోపంతో పాస్ అవుతుంది, కాని మరమ్మతు చేయించుకోవాలి. వీటికి తోడు ‘అడ్వైజరీలు’ అనే సూచనలు ఉంటాయి. ఇప్పటికి ఫర్వాలేదు, ముందు ముందు కనిపెట్టుకోండి అని పరీక్షకుడు రాసే మాటలివి. వీటిలో ‘నియర్‌సైడ్’ అంటే ఎడమ పక్క, ‘ఆఫ్‌సైడ్’ అంటే కుడి పక్క. అక్కడా మన దేశంలో లాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు గనుక ఆఫ్‌సైడే డ్రైవరు పక్క.

అడ్వైజరీలను చదవడం

ఏ ఒక్క ఏడాది కాగితమో చూస్తే తెలిసేది తక్కువ. అన్ని ఏళ్లనూ కింద నుంచి పైకి, పాతదాని నుంచి కొత్తదాని వరకు వరుసగా చదవాలి. ఉదాహరణకు వెనక బ్రేకు పైపుకు కొద్దిగా తుప్పు ఉందని 2021లో రాశారనుకుందాం. 2022లోనూ అదే మాట. 2023లో ఆ పైపు వల్లే బండి తప్పింది. అంటే యజమానికి రెండుసార్లు చెప్పినా కదల్లేదు, చట్టం ఆపాకే బాగుచేయించాడు. బ్రేకు పైపు విషయంలోనే అంత తాత్సారం చేసినవాడు ఇంజిన్ ఆయిలు వేళకు మార్పించి ఉంటాడని నమ్మడం కష్టం. అదే మొదటి ఏడాది సూచన వచ్చి మరుసటి ఏడాదికి కనపడకుండా పోతే, దానికి తగ్గ మరమ్మతు బిల్లు కూడా ఉంటే, ఆ చేతుల్లో బండి బాగానే బతికింది.

బిల్లు లేకుండా సూచనలు మాయమైతే మాత్రం జాగ్రత్తపడాలి. అడ్వైజరీ రాయడం చాలావరకు పరీక్షకుడి విచక్షణ. ఒకరు ప్రతి చెమ్మ మరకనూ రాస్తారు, ఇంకొకరు ఏమీ రాయరు. మూడేళ్లుగా తుప్పు, అరిగిన బుష్‌లు, ఆయిల్ లీకు అని రాసి ఉన్న వ్యాను అమ్మకానికి వారం ముందు ఒక్క సూచనా లేకుండా పాసైతే, ఆ తెల్ల కాగితం కన్నా వెనకటి మూడు కాగితాలనే నమ్మాలి. పరీక్ష ఏ గ్యారేజీలో జరిగిందో మామూలుగా చూస్తే కనపడదు. వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పుస్తకం మీది పత్రం సంఖ్య కొడితే కనపడుతుంది. బండి చూడటానికి వెళ్లినప్పుడు ఆ సంఖ్య అడిగి రాసుకోవడం మేలు.

అన్ని ఫెయిళ్లూ ఒకటి కావు. బల్బు, వైపర్ బ్లేడు, నంబరు ప్లేటు దీపం వంటి వాటితో తప్పి అదే రోజు పాసైన బండిని చూసి బెదరనక్కర్లేదు. అవి యజమాని బద్ధకాన్ని చెబుతాయి గాని బండి కండిషన్‌ను కాదు. టైరు ఒక అంచున అరిగిందని ఏటేటా వస్తుంటే అసలు తప్పు టైరులో ఉండకపోవచ్చు, అలైన్‌మెంట్‌లోనో ముందు సస్పెన్షన్ కీళ్లలోనో ఉండవచ్చు. స్ప్రింగు విరిగిందని, బుష్‌లు అరిగాయని పదేపదే రాసి ఉంటే ఆ వ్యాను ఎక్కువ బరువు మోసి ఉండవచ్చు.

అన్నిటికన్నా బరువైన మాట తుప్పు. చలికాలంలో బ్రిటన్ రోడ్ల మీద మంచు పేరుకోకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు అడుగు భాగాన్ని తినేస్తుంది. టైరు, బ్రేకు ప్యాడు, బల్బు మార్చుకోవచ్చు, ఛాసిస్ మార్చుకోలేం. సస్పెన్షన్, స్టీరింగ్, సీటు బెల్టు బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు లోహం తుప్పుతో బలహీనపడితే బండి తప్పుతుంది. అక్కడ వెల్డింగ్ చేయించాల్సిందే. 2000 దశకం తొలి ఏళ్ల మెర్సిడెస్ స్ప్రింటర్లు తుప్పుకు పేరుపడ్డాయి. వాటి రికార్డుల్లో ఈ మాట కోసమే ముందు వెతకాలి. అడుగంతా ఏదో పూత పూసి ఉన్నందున చూడలేకపోయామని పరీక్షకుడు రాస్తే దాన్ని కూడా హెచ్చరికగానే తీసుకోవాలి.

మీటరు రీడింగు

ప్రతి పరీక్షలోనూ మీటరు అంకెను నమోదు చేస్తారు. ఆ అంకె ఏటా పెరగాలి. 90,000 మైళ్లున్న వ్యాను మరుసటి ఏడాది 60,000 చూపితే మీటరు తిప్పారన్న అనుమానం రావాలి. మధ్యలో ఒక్క అంకె మాత్రమే పొసగక, దాని ముందు వెనకలు సరిపోతే అది టైపు చేసిన పొరపాటు కావచ్చు. బ్రిటన్‌లో మీటరు మార్చడం దానికదే నేరం కాదు. ఆ సంగతి దాచి అమ్మడం నేరం.

తక్కువ మైళ్లున్నదే మంచి బండి అనుకోవడం వ్యాన్ల విషయంలో తరచు తప్పవుతుంది. ఇంటింటికీ పార్సిళ్లు పంచిన వ్యాను ఆగుతూ కదులుతూ కొద్ది మైళ్లే తిరిగినా క్లచ్చు, బ్రేకులు, తలుపుల పట్టాలు అరగదీసుకుంటుంది. డీజిల్ ఇంజిను సరిగా వేడెక్కని చిన్న ప్రయాణాల వల్ల మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు పూడుకుపోతుంది. ఏడాదికి 30,000 మైళ్లు హైవేల మీదే తిరిగి, బ్రేకుల గురించి దాదాపు ఫిర్యాదే లేని వ్యాను దానికన్నా మేలైన సరుకు.

ఖాళీలు

రెండు పరీక్షల మధ్య ఏడాదికి మించి వ్యవధి ఉంటే కారణం అడగాలి. రోడ్డు మీద తిప్పనని ప్రభుత్వానికి తెలిపి బండిని పక్కన పెట్టి ఉండవచ్చు. ఎక్కువ కాలం నిలబడిపోయిన వ్యానులో బ్రేకులు పట్టేస్తాయి, రబ్బరు గొట్టాలు పగులుతాయి. అయితే 2020 నాటి ఖాళీని చూసి తొందరపడకూడదు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 30 నుంచి జూలై 31 లోపు గడువు తీరే ఎంఓటీలకు ఆరు నెలల పొడిగింపు ఇచ్చారు. ఇక ఫెయిల్ అయ్యాక మళ్లీ పాస్ లేకుండా రికార్డు ఆగిపోతే, మరమ్మతు ఖర్చుకు జడిసి అమ్ముతున్నారేమో ఆలోచించాలి.

రికార్డుకు అందనివి

ఇంజిన్, క్లచ్చు, గేరుబాక్సుల కండిషన్ ఎంఓటీ పరిధిలో లేదు. పరీక్షకుడు ఏ భాగాన్నీ విప్పి చూడడు. ఫోర్డ్ ట్రాన్సిట్ 2.0 ఎకోబ్లూ డీజిల్ ఇంజిన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. అది పాడైతే ఇంజిన్ మొత్తం పోవచ్చు. అలాంటి బెల్టున్న వ్యానుకు కూడా ఏటా మచ్చలేని పాస్ వస్తుంది. అందుకే ఎంఓటీ చరిత్ర సర్వీసు పుస్తకానికి బదులు కాదు. పొగ విషయంలో మాత్రం పరీక్ష గట్టిది. 2014 నుంచి డీపీఎఫ్ పీకేసిన బండి తప్పుతోంది. 2018 నుంచి ఆ ఫిల్టరున్న బండి ఏ రంగు పొగ కక్కినా పెద్ద లోపమే.

ప్రమాదంలో దెబ్బతిని బీమా సంస్థ వదిలేసుకున్న బండ్ల ‘ఎస్’, ‘ఎన్’ ముద్రలు, తీరని ఫైనాన్సు బాకీ కూడా ఇందులో కనపడవు. వాటికి డబ్బు కట్టి వేరే తనిఖీ చేయించుకోవాలి. మూడేళ్లు నిండని వ్యానుకైతే ఎంఓటీ చరిత్రే ఉండదు.

భారతదేశంలో ఎఫ్‌సీ

తెలుగు రాష్ట్రాల్లో గూడ్సు వ్యాను కొనేవాళ్లు మొదట అడిగేది ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ఎనిమిదేళ్ల లోపు రవాణా వాహనాలకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా దీన్ని పొందాలి. బండి ఎప్పటిదాకా నడవవచ్చో ఎఫ్‌సీ తేదీ చెబుతుంది. ఆ తేదీని చూసి ధర మాట్లాడే అలవాటుతో బ్రిటన్ వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ కూడా గడువు తేదీ దగ్గరే ఆగిపోకూడదు. ‘పన్నెండు నెలల ఎంఓటీ ఉంది’ అన్న ప్రకటన పరీక్ష జరిగిన నాటి పరిస్థితికే హామీ. మర్నాడు బ్రేకు పైపు పగిలినా ఆ కాగితం చెల్లుతూనే ఉంటుంది.

రికార్డు చదివాక అందులోని అడ్వైజరీలను కాగితం మీద రాసుకుని, బండి దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటీ చూపించమనండి. మార్చిన భాగాలకు బిల్లులు అడగండి. ఫొటోలో నంబరు ప్లేటు కప్పేసి, అడిగినా నంబరు చెప్పని మనిషి దగ్గర ఎంత తక్కువ ధరకు వచ్చినా ఆ వ్యాను కొనకండి.