పథ్యం

రోగి, బాలింత, జ్వరం నుంచి లేచినవాడు ఒంటికి సరిపడేదే తిని, సరిపడనిది మానుకునే నియమం పథ్యం. వికారాబాద్, తాండూరు పల్లెల్లో దీన్ని పత్తెం అంటారు. ఇది పస్తు కాదు. బాలింతకు వేడన్నంలో ఎల్లిగడ్డ కారం, నెయ్యి కలిపి పెడతారు. వంకాయ, గోంగూర, పులుసు దగ్గరికి రానివ్వరు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు ఎంత రుచైనా, జ్వరపడ్డవారికి పట్టేది పెసరకట్టే.

సంస్కృతంలో పథం అంటే దారి. దారికి అనుకూలమైనది పథ్యం. శరీర మార్గాలకు చెరుపు చేయనిదీ, మనసుకు ఇష్టమైనదీ పథ్యమని చరక సంహిత సూత్రస్థానం చెబుతుంది. రోగి మనసును కూడా లెక్కలోకి తీసుకున్న మేలైన నిర్వచనమిది. అమరకోశంలో కరక్కాయకు పథ్య అనే పేరుంది. ఆ తర్వాత శతాబ్దాలపాటు ఈ మాట వైద్యుల తాళపత్రాల్లో నిలిచింది. సంస్కృతం, తెలుగు కలగలిసిన బసవరాజీయం మందుతోపాటు పథ్యాన్నీ చెబుతుంది. 1852 నాటి బ్రౌను నిఘంటువులోనూ ఈ మాట ఉంది.

నిజాం పాలనలో దీనికి ఒక జత దొరికింది. యునానీ హకీములు పర్హేజ్ అనేవారు. అది పారసీకం నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట. కర్ణాటక సరిహద్దున ఉన్న తాండూరులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ నడుస్తాయి. కన్నడంలోనూ ఇది పథ్యమే.

వికారాబాద్ పక్కన, మూసీ పుట్టే అనంతగిరి కొండల మీద నిజాం కాలంలో క్షయ ఆసుపత్రి వెలసింది. క్షయకు సరైన మందు లేని ఆ రోజుల్లో కొండగాలి, పడక విశ్రాంతి, మంచి తిండి కలిసిందే చికిత్స. అదొక రకంగా పెద్ద ఎత్తున పథ్యమే. తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా కేంద్రం 193 మంది రోగుల్లో కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంటి వద్ద ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ మందులిచ్చి పరిశీలించింది. ఇంటి వద్ద తక్కువ తిండితో, తక్కువ విశ్రాంతితో ఉన్నవారూ దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో తేలింది. క్రమం తప్పకుండా మందు మింగడమే అసలు నియమమైంది.

ఇప్పటి వాడుకలో మాట వంటింటి గడప దాటింది. నచ్చని సలహానో, గిట్టని విధానాన్నో ‘ఆయనకు పథ్యం కాదు’ అని పత్రికలు రాస్తున్నాయి.