తెలుగు పల్లెలలో స్త్రీల భూమిహక్కు : ఒక చారిత్రక పరిశీలనము

ఆంధ్రదేశ సాంఘిక చరిత్రకారులు భూమిని గూర్చి విస్తారముగ వ్రాసియున్నారు. స్త్రీని గూర్చియు వ్రాసియున్నారు. కాని యీ రెంటికిని గల సంబంధమును ప్రత్యేకముగ తీసికొని విచారించినవారు అరుదు. నారు తీయుట, నాట్లు వేయుట, కలుపు తీయుట, కోత కోయుట మొదలగు పనులలో స్త్రీ చేయి సోకని మడి తెలుగునాట లేదు. అయినను ఆ మడి యెవరిదని అడిగినచో వచ్చు సమాధానమున స్త్రీ పేరు వినబడుట తక్కువ. ఈ వైరుధ్యమునకు కారణమేమి? శాస్త్రము స్త్రీకి భూమిని నిషేధించినదా? ప్రభుత్వ శాసనము నిషేధించినదా? లేక యీ రెండును ఇచ్చినదానిని మరియొకటేదేని హరించినదా? ఈ ప్రశ్నలను ఇచట పరిశీలింప దలచితిమి.

భూమితో మనుష్యునకు గల సంబంధము మూడు తెరగులుగ కనిపించును. మొదటిది అనుభవము, అనగా దున్ని పండించుకొనుట. రెండవది హక్కు, అనగా ధర్మశాస్త్రమో చట్టమో అంగీకరించిన స్వామ్యము. మూడవది పత్రము, అనగా పట్టా, పహాణీ, అడంగల్ మున్నగు లెక్కలలో పేరుండుట. పురుషుని విషయమున ఈ మూడును సాధారణముగ ఒకచోట కలిసియుండును. స్త్రీ విషయమున ఇవి విడివిడిగ నడచినవి. ఆమె భూమిహక్కు చరిత్ర యంతయు ఈ మూటిని ఒకచోటికి చేర్చుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రయేయని మా యభిప్రాయము.

ముందుగ శాస్త్రమును చూతము. తెలుగువారి దాయభాగ వ్యవహారములకు ప్రమాణమైనది మితాక్షర. కల్యాణి చాళుక్య చక్రవర్తియగు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన వ్యాఖ్య యిది. దీనిని ఆధారము చేసికొని 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలో రచించెను. ధర్మశాస్త్రము దేశభాషలోనికి దిగివచ్చుట ఆ కాలమునకు గొప్ప విశేషము. స్త్రీధనమును చెప్పు సందర్భమున యాజ్ఞవల్క్యుడు కొన్నింటిని పేర్కొని ‘ఆద్య’ శబ్దముతో ముగించెను. ఆ శబ్దమునకు విజ్ఞానేశ్వరుడు విశాలముగ అర్థము చెప్పి, దాయముగ వచ్చినది, కొన్నది, పంపకమున లభించినది మొదలగు వానినన్నిటిని స్త్రీధనముననే చేర్చెను. ఆ వ్యాఖ్య ప్రకారము స్త్రీకి దాయముగ సంక్రమించిన భూమియు ఆమె సొంత ధనమే కావలసియున్నది.

శాసనముల సాక్ష్యమును ఇచటనే గమనింపవలెను. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి శాసనము వేయించెను. కాకతీయుల వంశక్రమమునకు ఆ శాసనము ముఖ్యాధారము. ఆ యుగపు దానశాసనములలో దాతలుగ స్త్రీల పేర్లు వేరుచోట్లను కనవచ్చును. అయితే వీరిలో పెక్కండ్రు రాజకుటుంబముల వారును, సంపన్నులును. వీరిని చూపి సామాన్య కాపు స్త్రీకి భూమి యుండెనని సిద్ధాంతము చేయరాదు. స్త్రీ భూమిని ఇచ్చుట లోకము విననిదికాదని మాత్రము చెప్పవచ్చును.

సామాన్య కుటుంబముల ఆచారమునకు పలుకుబడులే సాక్ష్యము. ఆడపిల్లకు పెండ్లినాడు ఇచ్చు భూమిని ‘పసుపుకుంకుమల క్రింద’ ఇచ్చినదందురు. ప్రాచీన కావ్యములలోని ‘అరణము’ ఈ యాచారమునకు దగ్గరి బంధువు. భర్తృహీనకు జీవనార్థమై విడిచిపెట్టిన భూమి ‘మనోవర్తి’ భూమి. ఈ మాటలను బట్టి చూడగా తెలుగు కుటుంబము ఆడపడుచునకు భూమి నీయుట యెరుగును. కాని హక్కుగ పంచి యిచ్చుట యెరుగదు. పసుపుకుంకుమలు పుట్టింటివారి ప్రేమకు గుర్తు. మనోవర్తి మెట్టినింటివారి దయకు గుర్తు. పైగా పసుపుకుంకుమల భూమి పెక్కుసారులు నోటిమాటపైననే ఇయ్యబడుచుండెడిది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము స్థిరాస్తి దానమునకు రిజిస్టరైన పత్రము కావలెనని విధించినది. అంతటితో నోటిమాట బలము తగ్గి, తండ్రి ఇచ్చిన భూమిపై అన్నదమ్ముల బిడ్డలు వ్యాజ్యమునకు వచ్చుటకు దారి యేర్పడినది.

బ్రిటిషు న్యాయస్థానములు మితాక్షరను ప్రమాణమనుచునే ఆ గ్రంథము స్త్రీకిచ్చిన వైశాల్యమును అంగీకరింపలేదు. స్త్రీకి వారసత్వముగ వచ్చిన ఆస్తి స్త్రీధనము కాదనియు, అది యామె జీవితకాలమున అనుభవింపదగినదే కాని విక్రయింపదగినది కాదనియు ప్రీవీ కౌన్సిలు తీర్పులు నిర్ణయించినవి. వితంతువు మరణానంతరము ఆ భూమి తిరిగి భర్త వారసులకే చెందును. ఈ విధముగ అనుభవము స్త్రీకి మిగిలినది, స్వామ్యము మిగులలేదు.

1937లో వచ్చిన రెండు శాసనములు ఈ సందర్భమున చెప్పదగినవి. హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము వితంతువునకు కుమారునితో సమానమైన భాగమును, పరిమిత స్వామ్యముతోనే యైనను, ఇచ్చినది. అదే సంవత్సరపు షరియత్ చట్టము ముస్లిముల వారసత్వమునకు ఆచారమును త్రోసి షరియత్‌ను ప్రమాణము చేసినది. విచిత్రమేమనగా రెండింటను వ్యవసాయభూమి వెలుపలనే నిలిచినది. 1935 నాటి రాజ్యాంగ చట్టము వ్యవసాయభూమిని రాష్ట్రముల పరిధిలో ఉంచుటయే ఇందులకు కారణము. షరియత్ చట్టము ఆ మినహాయింపును స్పష్టముగ చెప్పుకొన్నది. హిందూ స్త్రీల చట్టమును గూర్చి ఫెడరల్ కోర్టు 1941లో ఆ విధముగ తీర్మానించినది. మద్రాసు రాష్ట్రము మొదటి చట్టమును 1947లోను, రెండవదానిని 1949లోను వ్యవసాయభూమికి వర్తింపజేసినది. దేశమున స్త్రీలలో అత్యధికులు పల్లెలవారు. పల్లెలలో ఆస్తియనగా భూమియే. ఆస్తిహక్కు నిచ్చి భూమిని మినహాయించుట విస్తరి వేసి అన్నము మరచుటవంటిది.

ఇక హైదరాబాదు సంస్థానమును చూతము. బ్రిటిషిండియా శాసనములు అచట వర్తింపవు. దేశ్‌ముఖుల, జాగీరుదారుల ఆధిపత్యమున పురుషుని భూమికే భద్రత లేని కాలమది. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి కులమున పుట్టిన చిట్యాల ఐలమ్మ కౌలు భూమి సంపాదించి సేద్యము చేసికొనుచుండెను. విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డి ఆ భూమిని, పంటను కాజేయ యత్నించెను. ఐలమ్మ అప్పటికే ఆంధ్రమహాసభ సభ్యురాలు. దేశ్‌ముఖు మనుష్యులు పంటకు రాగా సంఘము కార్యకర్తలు వారిని నిలువరించి, పంట కోసి ఆమె యింటికి చేర్చిరి. ఆ పిమ్మట 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య బలియగుటతో తెలంగాణ రైతాంగపోరాటము రూపు దాల్చినది.

ఐలమ్మ కథను వీరగాథగ చెప్పుకొనుట పరిపాటి. మేము వేరొక యంశమును చూపదలచితిమి. ఆమె పోరు అనుభవమునకై జరిగినది, భూమి కౌలుది. ఒంటరి స్త్రీ అనుభవమును నిలువబెట్టినది చట్టముకంటె ముందుగ సంఘబలము. పోరాటకాలమున సుమారు 3,000 గ్రామములలో 10 లక్షల ఎకరములు పంచబడినవని ఆ యుద్యమ నాయకుల లెక్క. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం వంటి స్త్రీలు ఆ పోరాటమున ముందు నిలిచిరి. కాని పంపకమునకు కుటుంబమే ప్రమాణము. స్త్రీకి వేరుగ భూమి అను భావము నాటికి పుట్టలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ పోరాట స్త్రీల జ్ఞాపకములు వారి మాటలలోనే లభించుచున్నవి. చరిత్ర విద్యార్థులకును భాషావిద్యార్థులకును అది సమానముగ ఉపయోగపడు గ్రంథము.

స్వాతంత్ర్యానంతరము 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగమున స్త్రీ స్వాధీనమునందున్న ఆస్తికి ఆమెయే సంపూర్ణ స్వామిని యని ప్రకటించినది. పత్రమే పరిమిత హక్కును విధించినచో ఆ నియమము వర్తింపదని అదే విభాగమున రెండవ యుపవిభాగము చెప్పినది. ఈ రెంటి నడుమ నలిగినవి మనోవర్తి భూములు. నెల్లూరు న్యాయస్థానములలో మొదలై సుప్రీంకోర్టు చేరిన తులశమ్మ – శేషారెడ్డి వ్యాజ్యము ఇందులకు ప్రసిద్ధోదాహరణము. మనోవర్తికై జరిగిన 1949 నాటి రాజీలో ఆ వితంతువునకు కొంత భూమి జీవితకాలమునకు మాత్రమే ఇయ్యబడినది. అందులో కొంత ఆమె 1961లో విక్రయింపగా మరిది వ్యాజ్యము వేసెను. మనోవర్తి దయాదానము కాదనియు, అది స్త్రీకి పూర్వమునుండియే గల హక్కనియు, దానికి బదులుగ వచ్చిన భూమిపై ఆమెకు సంపూర్ణ స్వామ్యము కలదనియు 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ‘మనోవర్తి’ యను తెలుగు మాటలోని దయాభావము చట్టమున తొలగిపోయినది ఈ తీర్పుతోనే.

కుమార్తె స్థితి వేరు. పిత్రార్జితమున కుమారునకు పుట్టుకతోడనే భాగము. కుమార్తెకు తండ్రి వాటాలో మాత్రమే భాగము. భార్య గతించిన యొక తండ్రికి 12 ఎకరముల పిత్రార్జితమును, ఒక కొడుకును, ఒక కూతురును ఉన్నారనుకొందము. 1956 చట్టప్రకారము తండ్రికి ఆరు, కొడుకునకు ఆరు. తండ్రి మరణింపగా అతని యారెకరములు ఇరువురకు పంచుదురు. తుదకు కొడుకునకు తొమ్మిది, కూతురునకు మూడు. భూసంస్కరణ చట్టముననూ ఇదియే దృష్టి. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టమునకు తరువాత చేర్చిన నియమము వయోజనుడగు కుమారుని లెక్కించి పరిమితిని పెంచినది. వయోజనయగు కుమార్తెను లెక్కింపలేదు.

ఈ యసమానతను తొలగింప పూనుకొన్నవారిలో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. కేరళము 1975లో ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దుచేసినది. కుమార్తెను పుట్టుకతో సమభాగస్వామినిగ చేసిన మొదటి రాష్ట్రము మాత్రము ఆంధ్రప్రదేశే. 1986లో వెలువడిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది. పై యుదాహరణమున దీని ఫలితముగ అన్నాచెల్లెండ్రకు చెరి ఆరెకరములు వచ్చును. ఆ తేదీకి ఐదు దినముల తరువాత, సెప్టెంబరు 10న, ఐలమ్మ కన్నుమూసెను. అయితే అప్పటికే పెండ్లియైన కుమార్తెలకు ఆ చట్టము వర్తింపలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. ఆ సవరణ జరుగునాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ వ్యాజ్యమున స్పష్టము చేసినది.

హక్కు ఈ విధముగ పూర్తియైనది. పత్రము సంగతియేమి? హైదరాబాదు పాతనగరమున సంతోష్‌నగర్ వంటి పేటలో కాపురముండు ఒక యాడపడుచునకు ఊరిలో పుట్టింటి భూమి యున్నదనుకొందము. తండ్రి గతించిన పిదప విరాసత్ జరుగును. చట్టప్రకారము ఆమె వారసురాలు. అన్నదమ్ములు కాగితము తెత్తురు. ఆమె హక్కు విడిచినట్లు సంతకము చేయును. చేయనిచో పుట్టింటి గడప మూతపడునని భయము. ‘ఆడపిల్ల ఆడపిల్లయే కాని ఈడపిల్ల కాదు’ అను సామెత చట్టముకంటె బలముగ అచట పనిచేయుచున్నది. శాసనసభ చేసినదానిని ఒక సంతకము రద్దు చేయుచున్నది. మొదట మేము ‘మరియొకటేదేని’ అన్నది దీనినే.

ఈ బంధమును సడలించిన ప్రయత్నములు రెండింటిని పేర్కొనుట యుక్తము. మొదటిది మెదక్ జిల్లా (నేటి సంగారెడ్డి జిల్లా) జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు కేంద్రముగ 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కృషి. అచట దళిత స్త్రీలు సంఘములుగ ఏర్పడి, బీడు భూములను బాగుచేసి, కౌలుకు తీసికొని ఉమ్మడిగ చిరుధాన్యములు పండించిరి. షెడ్యూల్డు కులముల కార్పొరేషను పథకము ద్వారా సగము గ్రాంటుగను సగము ఋణముగను భూమి కొనుటకు అవకాశముండగా, దానిని సంఘముగ వినియోగించుకొనిరి. పట్టా ఎవరి పేర వారికి, సేద్యము అందరిదిగ. పాలకుర్తిలో సంఘబలము అనుభవమును మాత్రమే నిలిపినది. పస్తాపూరున అదే బలము పత్రమును సైతము సాధించినది. వీరికి భూమి పుట్టింటినుండి రాలేదు గనుక పుట్టింటి గడపను గూర్చిన భయము లేదను విషయమును మరువరాదు.

రెండవది ఇందిరా క్రాంతిపథము క్రింద మహిళాసమాఖ్యలతో చేర్చి నడపిన భూమి కార్యక్రమము. 2006 నుండి గ్రామీణ యువతీయువకులకు భూచట్టములలోను, కొలతలలోను శిక్షణనిచ్చి, పేదల భూవివాదములను రికార్డులనుండి వెదకి పరిష్కారమునకు తెచ్చు పద్ధతి అందు అవలంబింపబడినది. పహాణీ చదువ నేర్చిన మనిషి ఊరిలోనుండుట చట్టమును ఊరికి తెచ్చుటయే. 2006 నాటి అటవీహక్కుల చట్టము దంపతులిరువురి పేర పత్రము నీయవలెనని విధించుటయు, తెలంగాణలో 2014 ఆగస్టు 15న ఆరంభించిన దళితులకు భూపంపిణీలో భూమిని స్త్రీ పేర నిచ్చుటయు ఈ దారిలోనివే.

2015–16 వ్యవసాయ గణనము ప్రకారము దేశమున స్త్రీల పేర నున్న సేద్యకమతములు నూటికి సుమారు 14 మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 30కి చేరువ. ఇది సేద్యపు లెక్కయే కాని స్వామ్యపు లెక్క కాదని జాగ్రత్తపడవలెను. అయినను తెలుగునాట మార్పు మొదలైనదనుటకు ఇది యొక సూచన.

పై విచారణచే తేలిన విషయమిది. శాస్త్రమున చోటుండెను, న్యాయస్థానము దానిని కుదించినది. శాసనము తిరిగి ఇచ్చినది. సంతకము మరల కుదించుచున్నది. స్త్రీలు సంఘముగ నిలిచినచోట మాత్రము ఇచ్చినది నిలిచినది. శిలాశాసనములలోని స్త్రీదాతల పేర్లను మన విద్యార్థులు శ్రద్ధతో ఏరి కూర్చుచున్నారు. పహాణీలలోను, విరాసత్ పత్రములలోను, హక్కు విడుదల కాగితములలోను గల స్త్రీల పేర్లను అదే శ్రద్ధతో చదువుట అవసరము. ఆ కాగితముల భాషయు తెలుగే. అచట ఏ పేరు వ్రాయబడినదో, ఏ పేరు కొట్టివేయబడినదో చెప్పవలసినవారము మనమే.