పనిగది కిటికీకి తీగవల

ఇంట్లో కూర్చుని వ్రాతపని చేసుకొనే గది అనగానే మనకు బల్ల, కుర్చీ, దీపం జ్ఞప్తికి వస్తాయి. అరకులోయ వంటి తూర్పుకనుమల సీమలో ముందు చూసుకోవలసింది కిటికీని.

గిడుగు రామమూర్తిగారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరభాష వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. ఆపైన కొండల్లో సవరపల్లెలు తిరిగారు. మలేరియా పట్టుకొన్నది. దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. ఈ మందు మోతాదు మించితే చెవుల్లో హోరు పుడుతుంది. మానితే సాధారణంగా తగ్గుతుంది గాని, కొందరిలో చెవుడు నిలిచిపోతుంది. పలుకులు పట్టుకోవలసిన పండితునికి చెవులే పోయాయి! అయినా సవరభాషపై ఆయన గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

ఈ జ్వరాన్ని మందుతోనే కాదు, గదితోనూ అడ్డుకోవచ్చు. 1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని చూశారు. 1900లో జార్జి కార్మైకేల్ లో, లూయిస్ సాంబన్ అనే వైద్యులిద్దరు ఇటలీలో, రోముకు చేరువనున్న జ్వరాలసీమలో, తలుపులకూ కిటికీలకూ తీగవల బిగించిన కొయ్య ఇంట్లో కాపురం పెట్టారు. పగలు బయట తిరిగేవారు. పొద్దు వాలేసరికి లోపలికి చేరేవారు. క్వినైన్ ముట్టలేదు. జ్వరాలకాలం గడిచింది, ఇద్దరికీ జ్వరం రాలేదు.

మన కొండల్లో మలేరియాను మోసే అనోఫిలిస్ దోమ కుట్టేది రాత్రిపూట, అంటే మనం దీపం దగ్గర కూర్చున్న వేళ. వలకన్ను 1.5 మిల్లీమీటర్లకు మించరాదు. వల వేస్తే గాలి కొంత తగ్గుతుంది కనుక ఎదురెదురుగా రెండు కిటికీలుంటే మేలు. గడ్డికప్పు ఇళ్ళలో గోడకూ చూరుకూ నడుమనున్న సందును కూడా మూయాలి. కిటికీకి వల ఉన్నా దోమ వచ్చేది ఆ దారినే.